శుభ్రం చేసిన గొంతు

పోయిన వారం ఒక పెళ్లి వీడియోకి మాటలు సరిచేస్తూ కూర్చున్నాను. పెళ్లికూతురి అమ్మమ్మ కెమెరా ముందు నిలబడి దీవెనలు చెబుతోంది. వెనక డీజే మోత, గిన్నెల చప్పుడు, ఎవరో పసివాడి ఏడుపు. కొత్తగా వచ్చిన సాఫ్ట్‌వేర్‌లో ఒక్క మీట నొక్కితే మనిషి గొంతు తప్ప మిగతాదంతా మాయమవుతుంది. నొక్కాను. హెడ్‌ఫోన్‌లో ఆ ముసలమ్మ మాట, తర్వాత ఏమీ లేదు. మళ్లీ మాట, మళ్లీ ఏమీ లేదు. మాటకూ మాటకూ నడుమ ఆమె ఊపిరి తీసుకోవడమే లేదు. చెవుల్లో దూది కుక్కినట్టుండే ఆ నిశ్శబ్దాన్ని నేను ఇంతకుముందు ఒకసారి నా చేతులతో తయారు చేశాను. హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టి, దుకాణం బయటికి వచ్చి మెట్టు మీద కూర్చున్నాను. జంగమ్మ పెద్దమ్మ గురించి ఎవరికైనా చెప్పాలనిపించింది. ఆమెను ఎన్నడూ చూడనివాళ్లకే చెప్పాలి. చూసినవాళ్ల ముందు ఆ సంగతి ఎత్తే ధైర్యం నాకు చాలాకాలం లేకపోయింది.

మాది దేవరకొండ పక్కన చిన్న పల్లె. మా నాయిన గొర్లు కాస్తాడు. నేను డిగ్రీ మధ్యలో వదిలేసి ఒక ఫొటో స్టూడియోలో పని నేర్చుకుని, తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు సొంతంగా మిక్సింగ్ దుకాణం పెట్టుకున్నాను. పెళ్లి వీడియోలను కోసి, అతికించి, పాటలు కలిపే పనిని మా దగ్గర మిక్సింగ్ అనే అంటారు. ఆ ఎండాకాలం ఊళ్లో మూడు రోజులు నాటకాలు వేశారు. వాటిని వీడియో తీసే పని నాకు దొరికింది. జంగమ్మను మొదటిసారి కెమెరా అద్దంలోంచే చూశాను. యాభై దాటిన మనిషి. ఎత్తు, నలుపు, ముంజేతుల నిండా పచ్చబొట్లు. కల్వకుర్తి ఆమెది. నాటకాలున్న రోజుల్లో రంగు పూసుకునేది, లేని రోజుల్లో పత్తి ఏరడానికి కూలికి పోయేది. ఆమె పక్కన హార్మోనియం వాయించే బాలకిష్టయ్య నల్గొండ నుంచి వచ్చేవాడు. ముప్పై ఏళ్లుగా ఆమె పాట వెనక ఆయన పెట్టె తప్ప మరో పెట్టె మోగలేదని అందరూ చెప్పేవాళ్లు.

వీడియో సిద్ధమయ్యాక ఇద్దరూ కలిసి నా దుకాణానికి వచ్చారు. నా పనితనమంతా చూపించాలని ఆరాటంగా ఉంది నాకు. కొడుకు చనిపోయిన తల్లి ఏడ్చే ఘట్టంలో, వెనక ఒక సినిమా ఫ్లూటు కలిపాను. తెర మీద పైనుంచి గులాబీ రేకులు రాలేట్టు చేశాను. పెళ్లి వీడియోల్లో అందరికీ నచ్చే పని అది. జంగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూసింది. అయిపోయాక నా వైపు తిరిగి చాలా మెత్తగా అడిగింది.

“బిడ్డా, నేను కొడుకు సచ్చి ఏడుస్తున్న. నా నెత్తి మీద పువ్వులెందుకు కురిపిచ్చినవ్?”

బాలకిష్టయ్య పక్కకు తిరిగి నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది. “మంచిగుంటదనుకున్న పెద్దమ్మా,” అన్నాను. ఆమెను పెద్దమ్మా అని పిలిచింది అదే మొదలు.

“నీ తప్పేం లేదు తీ. పెండ్లిళ్లు చేసి చేసి నీకు ఏడ్పు గూడ పెండ్లి లెక్కనే కనవడ్తాంది,” అంది. “వచ్చే నెల మా నాటకముంది నాగర్‌కర్నూల్‌ల. కెమెరా తేకు. ఉత్త చేతుల్తోటి రా.”

వెళ్లాను. ఆమె నన్ను ప్రేక్షకుల్లో కూర్చోనివ్వలేదు. వేదిక పక్కన, తెర చాటున ఒక ట్రంకు పెట్టె మీద కూర్చోబెట్టి కళ్లు మూసుకోమంది. వేదిక నడిమధ్యన తాడుకు వేలాడే మైకు ఒక్కటే ఉంది. ఆరుగురు నటులకు అదొక్కటే. కళ్లు మూసుకున్న కాసేపటికి నాకు తెలిసింది, ఆ గొంతులు దగ్గరవుతున్నాయి, దూరమవుతున్నాయి. మనసులో మాట చెప్పుకునేటప్పుడు జంగమ్మ గొంతు నా చెవి పక్కనే ఉన్నట్టుంది. కోపం వచ్చినప్పుడు ఎక్కడో వెనక గోడ దగ్గరినుంచి ఉరిమినట్టు వచ్చింది.

“కోపమొస్తె రెండడుగులు ఎన్కకు పోవాలె,” అని తర్వాత చెప్పింది, ముఖం మీది రంగు కొబ్బరినూనెతో తుడుచుకుంటూ. “మీదికి పోయి ఒర్రితె మైకుకు చెవులు మూసుకపోతయ్. ఏడ్సేటప్పుడు మాత్రం దగ్గరికి పోత. ఊపిరి ఇనబడాలె. మాట అబద్ధమాడ్తది బిడ్డా, ఊపిరాడదు.”

నేను కంప్యూటర్‌లో గొంతులను పెంచీ తగ్గించీ చేసే పనిని ఆమె అడుగులతో చేసేది. ఆ రోజు నుంచి నా పని మారింది. పెళ్లి వీడియోల్లో కూడా పాటలు తగ్గించాను. అప్పగింతల దగ్గర ఉత్త శబ్దాన్ని అలాగే వదిలేశాను. కొందరు గిరాకులు కోప్పడ్డారు. కొందరు మాత్రం ఆ చోటికి రాగానే టీవీ ముందు మాట్లాడకుండా కూర్చుంటున్నారని చెప్పారు. ఆ తర్వాత నాలుగైదేళ్లు ఆమె నాటకం ఎక్కడుంటే అక్కడికి, వీలైనప్పుడల్లా, ఉత్త చేతులతో వెళ్లేవాణ్ని.

మొదటి లాక్‌డౌన్‌లో పెళ్లిళ్లు ఆగిపోయాయి, నాటకాలూ ఆగిపోయాయి. ఒక మధ్యాహ్నం ఆమె ఫోన్ చేసింది. “బిడ్డా శ్రీశైలం, ఫోన్ల నాటకమెయ్యొచ్చునంట గద. యాడనో ఏసిండ్రని మా పద్మ చూపిచ్చింది. నీకొస్తదా?” పద్మ ఆమె కూతురు. కల్వకుర్తిలో బట్టలు కుడుతుంది, తల్లీ ఆమె దగ్గరే ఉండేది. నాకు రాదు. అయినా వస్తుందన్నాను. పది రోజులు ఇంటర్నెట్‌లో వీడియోలు చూసి నేర్చుకున్నాను. ఎవరి ఇంట్లో వాళ్లు ఫోన్ ముందు నటిస్తే, ఆ బొమ్మలన్నీ నా కంప్యూటర్‌లోకి వస్తాయి. ఒక్కొక్కరి చుట్టూ ఉన్న గోడనూ, క్యాలెండర్‌నూ కత్తిరించి పారేసి, అందరినీ ఒకే తెర మీద పక్కపక్కన నిలబెట్టాలి. ఒక్కొక్కరి గొంతుకూ ఒక్కొక్క మీట ఉంటుంది. అవన్నీ కలిపి అప్పటికప్పుడు చూసేవాళ్లకు పంపాలి.

బొమ్మ కుదిరింది. పాట కుదరలేదు. నల్గొండలో బాలకిష్టయ్య వాయించింది కల్వకుర్తికి అర సెకను ఆలస్యంగా చేరుతుంది. ఆమె దానికి పాడితే, ఆ పాట ఆయన దగ్గరికి మరో అర సెకను వెనకబడి వస్తుంది. ఆయన ఆమె కోసం ఆగుతాడు, ఆమె ఆయన కోసం ఆగుతుంది. చివరికి ఇద్దరూ ఆగిపోతారు. నాలుగు రోజులు కొట్టుకున్నాక ఒక ఉపాయం తోచింది. బాలకిష్టయ్య ఫోన్‌లో ఆమె గొంతు పూర్తిగా మూసేయాలి. ఆయన ఏమీ వినకుండా వాయించుకుంటూ పోతే, ఆమె అది విని పాడుతుంది. నేను నా దగ్గర హార్మోనియాన్ని కొంచెం ఆపి ఆమె గొంతుతో కలుపుతాను.

ఆ మాట చెప్పగానే బాలకిష్టయ్య పెట్టె మీంచి చేతులు తీసేశాడు. “ఆమె గొంతు ఇనకుంట నేనెట్ల వాయించాలె నాయినా?”

“ముప్పై ఏండ్ల సంది ఇంటనే ఉన్నవ్ గద బావా,” అంది జంగమ్మ, అదే తెర మీది మరో కిటికీలోంచి. “నేను యాడ ఆగుతనో నీకు తెల్వదా? ఆడ ఆగు.”

ఆయన ఆగాడు. సరిగ్గా ఆమె ఆగే చోటే. నా కంప్యూటర్‌లో రెండూ అతుకు తెలియకుండా కలిసిపోయాయి.

నాటకం జంగమ్మే అల్లింది. బొంబాయికి కూలికి పోయి తిరిగి రాని మనిషి కోసం, పాలమూరులో బొంబాయి బస్సులు ఆగే చోట రోజూ నిలబడే ఒక ఆడమనిషి కథ. రిహార్సల్ రికార్డు చేసి వినిపించగానే ఆమె మళ్లీ నన్ను పట్టుకుంది. “పాటకు ముంగట నేను ఊపిరి తీస్కుంట గద, అది యాడ వాయె?” ఫ్యాన్ల చప్పుడూ కోళ్ల అరుపులూ రాకుండా నేను ఒక గీత పెట్టాను. ఆ గీతకు పైనున్న శబ్దాన్నే సాఫ్ట్‌వేర్ బయటికి పంపుతుంది, కిందున్నదాన్ని మింగేస్తుంది. ఆమె ఊపిరి ఆ గీత కింద పడింది. గీతను దించాను. ఫ్యాన్ చప్పుడు వస్తుందేమో అన్నాను. “ఫ్యాను బంజేస్త. చెమటనే గద,” అంది. నాటకం వేసిన రోజు, అది జరిగినంతసేపూ పద్మ బయట గడప మీద కూర్చుని, ఎవరూ లోపలికి రాకుండా, ఏ పిల్లా అరవకుండా కాపలా కాసింది. బొంబాయిలో మేస్త్రీ పనికి పోయినవాళ్లు, దారిలో చిక్కుకుపోయినవాళ్లు తమ ఫోన్లలో చూశారు. తెర కింద వాళ్లు రాసిన మాటలను పద్మ చదివి వినిపిస్తుంటే జంగమ్మ కొంగుతో కళ్లు తుడుచుకోవడం తెర మీద ఇంకా మూయని ఆమె కిటికీలో చూశాను. మేము సాధించామనుకున్నాను. మా అందరికీ అదే ఆఖరి సంతోషం.

మరుసటి ఎండాకాలం కరోనా రెండో అల వచ్చింది. ఆ రోజుల్లోనే హైదరాబాద్‌లో నాటకాలంటే ప్రాణం పెట్టే కొందరు ఆన్‌లైన్ నాటకోత్సవం తలపెట్టి, మా నాటకాన్ని అడిగారు. పెద్దపెద్ద వాళ్లు చూస్తారన్నారు. ఆదివారం పొద్దున పదకొండు గంటలకు. గంట ముందు అందరినీ తెర మీదికి పిలిచాను. జంగమ్మ ముఖం కొంచెం ఉబ్బినట్టుంది.

“ఏంది పెద్దమ్మా, మంచిగ లేవా?”

“జర జరమొచ్చి పోయింది. గోలీ ఏస్కున్న. ఫికర్ జేయకు.”

నేను ఫికరు చేయలేదు. నాకున్న ఫికరంతా నెట్ ఆగకుండా ఉండాలనే.

మొదటి పాట దాకా బాగానే నడిచింది. రెండో ఘట్టంలో నా హెడ్‌ఫోన్‌లో ఒక శబ్దం మొదలైంది. మాట ముగియగానే గరగరమని, చినిగిన తోలుతిత్తి లోపలికి గాలి పీల్చినట్టు. ముందు ఫోన్ నోటికి మరీ దగ్గరైందనుకున్నాను. తర్వాత తెలిసింది, అది ఆమె ఊపిరి. ఇక్కడ నేను అబద్ధం చెప్పను. నాకు తెలిసింది. ఆమె ఊపిరిని నాలుగైదేళ్లుగా కళ్లు మూసుకుని విన్నవాణ్ని. అది నటన కాదని, అలసట కూడా కాదని నా చెవికి తెలిసింది. నాటకం ఆపమని ఒక మాట అనడానికి ఒక మీట నొక్కితే చాలు. నా చెయ్యి మౌస్ మీదే ఉంది. అంతలో తెర కింద ఎవరో రాశారు, ‘సౌండ్ సరిగా లేదు, ఏదో గరగర వస్తోంది’ అని. పెద్దవాళ్లు చూస్తున్నారు. నా పని బాగా లేదనుకుంటారు. గీతను పైకి జరిపాను. కొంచెం చాలలేదు. ఇంకొంచెం జరిపాను. గరగర పోయింది. మాటలు ఒక్కటే మిగిలాయి. కడిగినట్టు, తళతళలాడుతూ.

ఇంకా ముప్పావు గంట నాటకం ఉంది. ఆ ముప్పావు గంటా ఆమె ఊపిరి ఎవరికీ వినపడలేదు. బాలకిష్టయ్య ఫోన్‌లో ఆమె గొంతు ముందే మూసేశాను. తక్కిన నటులకు చేరేదీ నేను శుభ్రం చేసి పంపిన గొంతే. గడప మీద కూర్చున్న పద్మకు మూసిన తలుపు అడ్డం. మిగిలింది నేను. నేను గీత జరిపేశాను. ఆఖరి ఘట్టంలో, రాని బస్సు కోసం చూస్తూ ఆమె మాట మాటకూ వెనక్కి అడుగేసి, పక్కకు తిరిగి, మళ్లీ ముందుకు వచ్చి మాట్లాడింది. ఎంత గొప్పగా చేస్తోందని అప్పుడు అనుకున్నాను. ఆ వీడియోను తర్వాత ఎన్నోసార్లు చూశాను. పక్కకు తిరిగినప్పుడల్లా ఆమె భుజాలు లేచి పడుతున్నాయి. నా పని చెడకూడదని, ఊపిరి తీసుకోవడానికి ఆమె మైకు నుంచి దూరంగా పోయింది.

నాటకం అయిపోగానే పొగడ్తలు వచ్చిపడ్డాయి. “శబ్దం ఎంత శుభ్రంగా ఉందో” అని ఒకాయన ప్రత్యేకంగా నా పేరు తీసి మెచ్చుకున్నాడు. జంగమ్మ చేతులు జోడించి, ఏమీ మాట్లాడకుండా ఫోన్ ఆపేసింది. సాయంత్రానికి పద్మ ఆమెను దవాఖానకు తీసుకుపోయింది. ఒకచోట జాగా లేదన్నారు, ఇంకోచోట ఆక్సిజన్ లేదన్నారు. మహబూబ్‌నగర్‌లో మూడోచోట దొరికింది. డాక్టర్ పద్మతో అన్నాడట, పొద్దున తెచ్చి ఉంటే బాగుండేదని. ఐదో రోజు జంగమ్మ పోయింది. ఎవరం వెళ్లలేకపోయాం. ఆమె చనిపోయిన తర్వాత కూడా వారం దాకా ఆ నాటకం కింద జనం రాస్తూనే ఉన్నారు, అద్భుతం అనీ, అమ్మకు వందనాలు అనీ, మళ్లీ ఎప్పుడు అనీ.

మా నాయిన ఆ నాటకాన్ని తన ఫోన్‌లో గొర్ల దగ్గరే కూర్చుని చూశాడు. మందలో ఒక్క గొర్రె ఊపిరి తేడాగా ఉంటే పడుకున్నవాడు లేచి దాని దగ్గరికి పోతాడు ఆయన. జంగమ్మ పోయిందని చెప్పినప్పుడు నమ్మలేదు. “ఏ జబ్బు లేనట్టే ఉండెగదరా. మంచిగ పాడింది, నేను ఇన్న,” అన్నాడు. నేను అక్కడినుంచి లేచి బయటికి పోయాను.

బాలకిష్టయ్యను కలవడానికి ఏడాది పట్టింది. నల్గొండలో వాళ్లింటి వసారాలో కూర్చున్నాం. హార్మోనియం బట్ట కప్పి మూలన ఉంది. ఆయనకు ఏ సంగతీ నేను చెప్పలేదు. అయినా ఆయనే అన్నాడు. “ఆ దినం నాకు ఇనబడి ఉంటె ఆపుతుంటి శ్రీశైలం. ఆమె ఒక్క ఊపిరి ఎక్కువ తీస్కున్నా నా చేతులు ఆగుతుండె. ముప్పై ఏండ్లు అదే నా పని.” అది నిందలా అనలేదు. నన్ను చూస్తూ కూడా అనలేదు. ఆయన మళ్లీ వాయించలేదు. ఆ నాటకాన్ని మేమెవరం మళ్లీ వేయలేదు. నా కంప్యూటర్‌లో ఆ సాఫ్ట్‌వేర్ ఉంది, మీటలన్నీ అలాగే ఉన్నాయి. కలపడానికి గొంతులు లేవు.

జంగమ్మ పోయిన రెండేళ్లకు పద్మ ఫోన్ చేసింది. ఆ ఆఖరి నాటకంలో తల్లి గొంతు ఉన్న రికార్డింగ్ ఇవ్వమని అడిగింది. పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుని, నా ల్యాప్‌టాప్ కూడా పట్టుకుని కల్వకుర్తి బస్సెక్కాను. పద్మ కుట్టు మిషను పక్కకు జరిపి, ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఆఖరి ఘట్టం వింది. కొంచెంసేపటికే ఆపేసింది.

“అన్నా, అమ్మ గొంతు గిట్ల ఉండదు. ఏందో ఫోన్ల కంప్యూటర్ మాట్లాడినట్టున్నది. అసలుది లేదా?”

అసలుది లేదు. ఒక్కొక్కరి గొంతును విడివిడిగా దాచుకునే వీలు ఆ సాఫ్ట్‌వేర్‌లో ఉంది. నా పాత కంప్యూటర్ ఆ బరువు మోయలేక ఆగిపోతుందని ఆ రోజు దాన్ని ఆపేశాను. బయటికి పోయిందే మిగిలింది; గరగర వచ్చిన ఆ కాసేపూ అందులో నెట్ చప్పుడులాగే వినపడుతుంది. అప్పుడు చెప్పాను. గరగర వినపడిందని, తెలిసే గీత జరిపానని, ఒక్క మాట అంటే నాటకం ఆగేదని. ఒకటొకటిగా చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆమె ఒళ్లో ఉన్న జాకెట్టు గుడ్డను మడతపెడుతూ, విప్పుతూ ఉంది. తిడుతుందనుకున్నాను. తిట్టించుకోవడానికే వచ్చానేమో కూడా.

“పొద్దుగాల్నే జరం సూడంగ నూటరెండున్నది,” అంది చివరికి. “దవాఖానకు పోదామన్న. నాటకమైనంక పోదాం, శ్రీశైలం ఇజ్జత్ పోతదన్నది. నేను సరే అన్న. తలుపు దగ్గరికేసి గడప మీద కూసున్న.”

నాకోసం ఆగిందని అంతకుముందు నాకు తెలియదు. పద్మ ఏడవలేదు. ల్యాప్‌టాప్ మూసి నా వైపు జరిపింది.

“ఆ ఊపిరి ఎట్లుండె అన్నా?”

చెప్పడానికి మాటలు వెతికితే, ఏ మాటా దానికి సరిపోలేదు.

“ఎవ్వలూ ఇనలే గద. నీ ఒక్కని చెవులల్లనే ఉన్నదా?”

“ఉన్నది.”

ఆమె నా ముఖంలోకి చూసింది. క్షమించినట్టు లేదు, కోపగించుకున్నట్టూ లేదు.

“ఉండనియ్,” అంది. “మర్చిపోకు. అదొక్కటన్న ఉండనియ్.”

మిషను దగ్గరికి లాక్కుని, దారం ఎక్కించుకుంది. నేను తిరుగు బస్సెక్కాను. డిండి దాటేదాకా కిటికీ పక్కన కూర్చుని ఆ శబ్దాన్ని వింటూనే ఉన్నాను. దాన్ని తగ్గించే మీట లేదు. ఉన్నా దాని మీద చెయ్యి వేసే హక్కు నాకు లేదు.